న్యాయవేతనము – పాఠశాలల గుత్తలు

పాఠశాల యనగానే ఉపాధ్యాయుడు, విద్యార్థి, పుస్తకము – ఈ మూడే తలపునకు వచ్చును. విద్యాచరిత్రలు వ్రాసినవారును సాధారణముగ వీనితోనే తృప్తిపడిరి. కాని తెల్లవారకమునుపే వచ్చి గదులూడ్చి బల్లలు తుడుచువారు, మధ్యాహ్నమున వండి వడ్డించువారు, చలిదేశములలో బొగ్గు వేసి గదులను వెచ్చచేయువారు లేనిచో ఏ పాఠశాలయు ఒక్క దినమైనను నడవదు. ఈ పనులను పాఠశాల నడపు సంస్థ తానే మనుష్యులను నియమించుకొని చేయించవలెనా, లేక గుత్తకిచ్చి చేయించవలెనా యనునది ఒక ప్రశ్న. గుత్తకిచ్చినచో, ఆ గుత్తేదారు తన పనివారికి ఎంత కూలి యిచ్చుచున్నాడని యడుగుటకు ఆ సంస్థకు అధికారము కలదా యనునది రెండవ ప్రశ్న. మొదటిదానికంటె రెండవది చిక్కైనది. ఇంగ్లండు దేశము దీనికి నూరు సంవత్సరముల వ్యవధిలో పరస్పర విరుద్ధములైన రెండు సమాధానములు చెప్పెను. అందు మొదటిది చెప్పించినవారిలో ప్రముఖురాలు, తరువాతి కాలమున మదనపల్లె కళాశాల మూలమున తెలుగువారికి చిరపరిచితురాలైన అనీ బిసెంటు.

1870 వ సంవత్సరమున ఫార్స్టరు పూనికతో బ్రిటిషు పార్లమెంటు ప్రాథమిక విద్యాశాసనమును చేసెను. మతసంస్థల పాఠశాలలు చాలని ప్రాంతములందు ప్రజలెన్నుకొను స్కూలు బోర్డులు ఏర్పడి, స్థానికపు పన్నులనుండి ధనము గైకొని పాఠశాలలు కట్టించి నడపవలెనని ఆ శాసనము నిర్దేశించెను. ఈ బోర్డుల యెన్నికలలో పన్ను చెల్లించు స్త్రీలు ఓటు వేయవచ్చును. స్త్రీలు సభ్యత్వమునకును అర్హులు. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు 1918 వరకు ఓటు లేదని జ్ఞప్తి చేసికొన్నచో ఇది ఎంత అరుదైన యేర్పాటో తెలియగలదు. పైగా ఎన్ని స్థానములుండునో ఒక్కొక్క ఓటరునకు అన్ని ఓట్లుండెను. వానినన్నింటిని ఒక్కరికే వేసినను చెల్లును. అందుచే మామూలు పద్ధతిలో నెగ్గజాలని అల్పసంఖ్యాకులు కూడ బోర్డులలో చోటు సంపాదింపగలిగిరి.

ఈ బోర్డులలో లండను బోర్డు మిక్కిలి పెద్దది. వందలకొలది పాఠశాల భవనములు కట్టించుట, బల్లలు, పుస్తకములు కొనుట, అచ్చుపని చేయించుట – ఇట్టి పనులన్నియు గుత్తల మూలముననే జరిగెడివి. ధనము పన్ను చెల్లించు ప్రజలది గనుక తక్కువ మొత్తమునకు టెండరు వేసినవానికే పని యిచ్చుట ధర్మమని అప్పటి నమ్మకము. నేటి కార్యాలయములలో కాగితములు కదుపువారికి ఈ నమ్మకము క్రొత్తది కాదు. అయితే అతితక్కువ మొత్తమునకు పని పుచ్చుకొన్న గుత్తేదారు దానిని ఉపగుత్తేదారునకు, వాడు మఱియొకనికి అప్పగించుచు పోగా, తుదకు పనిచేయువాని చేతికి వచ్చునది అర్ధాకలి కూలి. ఈ దుస్థితిని విచారించుటకు ప్రభువుల సభ 1888లో ఒక సంఘమును నియమింపవలసి వచ్చెను.

ఆ 1888 వ సంవత్సరముననే, జూలై నెలలో, తూర్పు లండనులోని అగ్గిపెట్టెల కర్మాగారమున పనిచేయు బాలికలు, స్త్రీలు సమ్మె చేసి గెలిచిరి. వారి దుర్భర పరిస్థితులను తన పత్రికలో వెల్లడించి వారి పక్షమున నిలిచినది బిసెంటు. నవంబరులో లండను స్కూలు బోర్డు ఎన్నికలు వచ్చెను. ఆమె టవర్ హామ్లెట్స్ అను పేదల పేటనుండి నిలిచి అక్కడి అభ్యర్థులందరిలోను అధికముగ ఓట్లు పొందెను. క్రైస్తవ సోషలిస్టు మతాచార్యుడగు స్టూవర్టు హెడ్లాము కూడ ఆ యెన్నికలోనే బోర్డున ప్రవేశించెను. ఆకలిగొన్న పిల్లలకు భోజనము పెట్టవలెననియు, బోర్డు గుత్తలలో న్యాయమైన కూలి యుండవలెననియు ఆమె వాదించెను. 1889లో బోర్డు ఒక నియమమును స్వీకరించెను: బోర్డు పని కోరు గుత్తేదారు ఆయా వృత్తిలో వాడుకయందున్న వేతనమునకు తక్కువ కాకుండ తన పనివారికి చెల్లించుచున్నట్లు ప్రకటింపవలెను. ప్రజాసంస్థలలో ఇట్టి నియమమును మొట్టమొదట పెట్టుకొన్నది ఒక స్కూలు బోర్డే యగుట గమనింపదగినది. అదే సంవత్సరమున క్రొత్తగ ఏర్పడిన లండను కౌంటీ కౌన్సిలు కూడ ఆ మార్గముననే నడిచెను.

రెండు సంవత్సరములు గడచునప్పటికి ఈ భావము పార్లమెంటునకు చేరెను. 1891 ఫిబ్రవరి 13వ తేదీన, పూర్వము లండను స్కూలు బోర్డు సభ్యుడైన సిడ్నీ బక్స్‌టను ప్రతిపాదింపగా, ప్రభుత్వపు గుత్తలన్నింటను ఆ వృత్తిలో సమర్థుడైన పనివానికి సాధారణముగ ముట్టు కూలి ముట్టునట్లు చూడవలెననియు, ఉపగుత్తల దుర్వినియోగమును అరికట్టవలెననియు కామన్సు సభ తీర్మానించెను. ఇదియే చరిత్రకెక్కిన న్యాయవేతన తీర్మానము. 1909లోను, 1946లోను దానిని సవరించి బలపరచిరి. తీర్మానము శాసనము కాదు. దానిని పట్టుకొని పనివాడు న్యాయస్థానమునకు పోజాలడు. అయినను గుత్తపత్రములో నొక షరతుగ చేరుటచే దానికి పట్టు కలిగెను. షరతు తప్పినవానికి మరల పని దొరకకపోవచ్చుననెడి భయమే దాని బలము.

ఇచ్చట ఒక లోపమును చెప్పకతప్పదు. ఆయా వృత్తిలో వాడుకయందున్న వేతనము అను మాట తాపీవారికి, వడ్రంగులకు, అచ్చు కూర్చువారికి చక్కగ సరిపోయెను. వారికి సంఘములుండెను, ఒప్పుకొన్న కూలిరేట్లుండెను. చీపురు పట్టిన స్త్రీకి ఏ వృత్తి కలదు? ఆమె పనికి వాడుక రేటును నిర్ణయించిన సంఘమేది? ఇంటిలో ఊరకనే చేయు పనిని బడిలో చేసినందులకు ఏమిచ్చినను అధికమే యను తలంపు లోకమున పాతుకొని యుండెను. స్త్రీ పోరాడి తెచ్చిన నియమము పురుషుల పనులకే ఎక్కువగ నుపకరించుట విచిత్రమే.

బిసెంటు మూడు సంవత్సరములు బోర్డులో పనిచేసి 1891లో తిరిగి పోటీచేయలేదు. 1889లోనే ఆమె దివ్యజ్ఞాన సమాజమున చేరియుండెను. 1893లో భారతదేశమునకు వచ్చెను. 1915లో మదనపల్లెలో ఆమె పూనికతో వెలసిన కళాశాల రాయలసీమ విద్యాచరిత్రలో చిరస్మరణీయమైనది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు జనగణమనను ఆంగ్లములోనికి అనువదించినది అచ్చటనే. ఆ కళాశాలను తలచుకొనువారిలో, లండను పాఠశాలల గుత్తపత్రములలో కూలి షరతు చేర్పించిన యీమె పూర్వచరిత్ర నెఱిగినవారు కొందరే యుందురు.

స్కూలు బోర్డులు చిరకాలము నిలువలేదు. 1902 శాసనము వానిని తొలగించి పాఠశాలలను కౌంటీ కౌన్సిలులు మొదలగు స్థానిక సంస్థలకు అప్పగించెను; లండను బోర్డు 1904లో అంతరించెను. 1906లో పిల్లలకు భోజనము పెట్టుటకు ఆ సంస్థలకు అనుమతి లభించెను. 1944 విద్యాశాసనమున ఆ యనుమతి విధిగ మారెను. ప్రతి కౌంటీయందును వంటశాలలు వెలసెను. వండువారు, వడ్డించువారు, ఊడ్చువారు కౌన్సిలు ఉద్యోగులైరి. వారిలో దాదాపు అందరును స్త్రీలే. ఇంటికి దగ్గరగ పని, దినమునకు కొద్దిగంటలే పని, తమ పిల్లలకు సెలవులున్నపుడు తమకును విరామము – ఇవి వారినా పనికి తెచ్చిన కారణములు. కూలి తక్కువయే యైనను అది దేశమంతటికి ఒకే ఒడంబడికచే నిర్ణయమగుచుండెను.

1979లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వమునకు ఈ యేర్పాటు రుచింపలేదు. స్థానిక సంస్థలు పోటీ యెఱుగక సోమరులైనవనియు, ప్రజాధనము వ్యర్థమగుచున్నదనియు వారి వాదము. ఈ వాదము పూర్తిగ నిరాధారమని చెప్పరాదు. ఏ పనికెంత ఖర్చగుచున్నదో లెక్క చెప్పలేని కౌన్సిలులు లేకపోలేదు. 1980 విద్యాశాసనము పేదపిల్లల భోజనము తప్ప తక్కిన భోజనవిధిని, దానితోపాటు పోషకప్రమాణములను తీసివేసెను. న్యాయవేతన తీర్మానమును రద్దుచేయుటకు అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 94వ ఒడంబడిక అడ్డుగ నుండెను. ప్రజాసంస్థల గుత్తలలో కూలి షరతులను గూర్చిన ఆ 1949 నాటి ఒడంబడికనుండి బ్రిటను 1982లో వైదొలగుటకు నోటీసునిచ్చి, మరుసటి సంవత్సరము తీర్మానమును రద్దు చేసెను. తొంబదిరెండు సంవత్సరముల నియమము అట్లు ముగిసెను.

తరువాత వచ్చినది 1988 స్థానిక ప్రభుత్వ శాసనము. పాఠశాలల భోజనము, భవనములు శుభ్రపరచుట, తోటల సంరక్షణ మొదలగు పనులను ఒక పట్టికగ చేర్చి, వీనిని కౌన్సిలు తన సొంత మనుష్యులచే చేయించుకొనదలచినచో ప్రైవేటు గుత్తేదారులతో పోటీగ టెండరు వేసి గెలిచి తీరవలెనని ఆ శాసనము ఆజ్ఞాపించెను. కౌన్సిలు తన సేవావిభాగమునకు వేరు లెక్కలు పెట్టి, నిర్ణయించిన ఆర్థిక లక్ష్యమును సాధించినట్లు చూపవలెను. ఇంతవరకు దీనిని కఠినమైన పొదుపు పద్ధతి యని సరిపెట్టుకొనవచ్చును. కాని 17వ సెక్షను ఇంకను ముందునకు పోయెను. గుత్త నిచ్చునపుడు కౌన్సిలు వాణిజ్యేతర విషయములను ఆలోచింపరాదని చెప్పి, అవి యేవో ఆ సెక్షను జాబితాగ నిచ్చెను. ఆ జాబితాలో మొట్టమొదటిది గుత్తేదారు తన పనివారికిచ్చు జీతభత్యములు, ఉద్యోగపు షరతులు.

1889లో లండను స్కూలు బోర్డు ఏ ప్రశ్న నడుగుటను తన విధిగ నిర్ణయించుకొనెనో, నూటికి ఒక్కటి తక్కువ సంవత్సరములకు అదే ప్రశ్న నడుగుట నేరముకాకపోయినను నిషిద్ధమయ్యెను.

ఇందలి ఫలము నెఱుగుటకు పాఠశాల వంటయింటి లెక్కను కొంచెము పరిశీలింపవలెను. బంగాళాదుంపల ధర కౌన్సిలునకును గుత్తేదారునకును ఇంచుమించు ఒక్కటే. పొయ్యిలు, వంటగదులు కౌన్సిలువే. ఇక టెండరులో తేడా ఎచ్చట రాగలదు? పదార్థముల నాణ్యమునందు, మనుష్యుల గంటలయందు, గంటకు ముట్టు కూలియందు. పోషకప్రమాణములు 1980లోనే పోయెను గనుక మొదటిదానికి అడ్డులేదు. 2005లో ఒక ప్రసిద్ధ వంటగాడు టెలివిజనులో లండను పిల్లల భోజనమునకు వాడు పదార్థములకు 37 పెన్నీలు మాత్రమే వెచ్చింపబడుచున్నవని చూపినపుడు దేశము సిగ్గుపడెను. రెండవ, మూడవ మార్గములు స్త్రీల మీదుగ పోవును. సమానావకాశముల సంఘము 1995లో ప్రకటించిన పరిశోధనలో, ఈ నిర్బంధపు టెండరులవలన పురుషులకంటె స్త్రీలే యెక్కువగ ఉద్యోగములు కోల్పోయిరని తేలెను.

ఉత్తర యార్క్‌షైరు కౌంటీలో జరిగిన వ్యవహారమును కొంత వివరముగ చెప్పవలెను. అది విశాలమైన పల్లెసీమ. అచ్చటి పాఠశాలలలో వండి వడ్డించు స్త్రీల పనిని, 1987లో దేశవ్యాప్తముగ జరిగిన పని విలువల నిర్ణయములో, వీధులూడ్చు పురుషులు, తోటపని చేయు పురుషులు మొదలగువారి పనితో సమానముగ లెక్కించిరి. కూలియు సమానమయ్యెను. అంతలో 1988 శాసనము ననుసరించి టెండరులు వచ్చెను. కౌంటీని భాగములుగ విభజించి ఒక్కొక్క దానికి టెండరు పిలిచిరి. ఒక భాగమున కౌన్సిలు సొంత విభాగము ఓడిపోయి ప్రైవేటు గుత్తేదారు గెలిచెను. ఆ గుత్తేదారునొద్ద పనిచేయువారు స్త్రీలే. వారికి ముట్టు కూలి, సెలవు సౌకర్యములు కౌన్సిలు రేటుకంటె తక్కువ. మిగిలిన భాగములు కూడ చేజారునను భయమున కౌన్సిలువారు తమ వంటస్త్రీలను పనినుండి తొలగించి, తక్కువ కూలికి మరల చేర్చుకొనిరి. వీధులూడ్చు పురుషుల కూలి మాత్రము తగ్గలేదు.

ఆ స్త్రీలు 1970 నాటి సమాన వేతన శాసనము నాశ్రయించిరి. పారిశ్రామిక న్యాయమండలి అధికసంఖ్యాకుల తీర్పు వారికి అనుకూలమయ్యెను. అప్పీలు మండలిలో కౌన్సిలు గెలిచెను. అప్పీలు న్యాయస్థానమునందును కౌన్సిలే గెలిచెను. కౌన్సిలు వాదము వినుటకు సమంజసముగనే యుండెను: తాము స్త్రీలని కూలి తగ్గింపలేదు, విపణిలో ఆ పనికి ధర అంతయే, టెండరు గెలువనిచో వారికి పనియే యుండెడిది కాదు. 1995 జూలై 6వ తేదీన ప్రభువుల సభ యీ వాదమును త్రోసివేసెను. ప్రధానమైన తీర్పు స్లిన్ ప్రభువుది. స్త్రీలకు తక్కువ కూలియిచ్చు ప్రత్యర్థితో పోటీపడుటకై తామును స్త్రీలకు తక్కువ కూలి యిచ్చితిమనుట సమర్థన కాజాలదని దాని సారము. విపణిధర యను మాట వెనుక దాగియున్నదేమో ఆ తీర్పు బయటపెట్టెను. పిల్లలు బడినుండి వచ్చువేళకు ఇల్లు చేరవలసిన స్త్రీ దూరపు పనికి పోజాలదు. పోజాలదు గనుక దగ్గరి పనిని ఎంత కూలికైనను ఒప్పుకొనును. ఆ ఒప్పుకోలునకే విపణిధర యని పేరు.

విజయము పూర్తియైనదా? ఇచ్చటనే యీ కథలోని కఠినమైన ఘట్టము కలదు. సమాన వేతన శాసనము ఒకే యజమాని క్రింది స్త్రీ పురుషులను పోల్చును. కౌన్సిలు క్రింద వీధులూడ్చు పురుషులుండిరి గనుక వంటస్త్రీలు గెలిచిరి. గుత్తేదారునొద్ద పోల్చుటకు అట్టి పురుషులు లేరు. ఆ కౌంటీ పాఠశాలలలోనే ప్రైవేటు గుత్తేదారుల క్రింద వండుచు, ఊడ్చుచు నుండిన స్త్రీలు తమకును కౌన్సిలు పురుషులతో సమానముగ నియ్యవలెనని వ్యాజ్యము తెచ్చిరి. పని అదే, బడి అదే, వారిలో కొందరు అంతకుముందు కౌన్సిలు ఉద్యోగులే. ఈ వ్యాజ్యము లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము వరకు పోయెను. 2002 సెప్టెంబరు 17న వెలువడిన తీర్పు వారికి ప్రతికూలము: రెండు కూలిరేట్లకును బాధ్యుడైన యొకే కర్త లేడు గనుక పోలిక చెల్లదు. ఒకే కౌంటీలో రెండు బడులలో అదే గరిటె పట్టిన యిద్దరు స్త్రీలలో ఒకరికి సమానత్వము లభించెను, మఱియొకరికి లభింపలేదు. భేదమెల్ల జీతపు కాగితముపై నున్న పేరునందే. న్యాయమూర్తులను నిందింపవలసిన పనిలేదు. 17వ సెక్షను అడుగవద్దన్న ప్రశ్నకు మఱియొక శాసనమున పూర్తి సమాధానము దొరకకపోవుట సహజమే.

నిర్బంధపు టెండరు పద్ధతిని 1999 శాసనము తొలగించెను. 2000 జనవరి 2 నుండి అది పోయెను. 17వ సెక్షను నిషేధమును 2001లో కొంత సడలించిరి. 2003లో, గుత్తేదారు క్రొత్తగ చేర్చుకొనువారికి కూడ, కౌన్సిలునుండి వచ్చినవారికంటె మొత్తముమీద హీనముకాని షరతులుండవలెనని యొక నియమావళి వచ్చెను. 2011లో దానిని మరల ఉపసంహరించుకొనిరి.

స్కూలు బోర్డు అను పేరు నేటికిని సజీవముగ నున్న అమెరికాలో కొన్ని రాష్ట్రములు 1988 నాటి యింగ్లండునకు సరిగ ఎదురుమార్గము పట్టినవి. కాలిఫోర్నియా 2002లో చేసిన శాసనము ప్రకారము, గుత్తేదారు తన పనివారికి తక్కువ జీతమిచ్చుట యొక్కటే ఆదాకు కారణమైనచో బోధనేతర పనులను గుత్తకిచ్చుట చెల్లదు. ఉన్న ఉద్యోగులను వెడలగొట్టుటయు కూడదు. ఇల్లినాయి రాష్ట్రము 2007లో గుత్తను నిషేధింపలేదు, కాని దానికి మెట్లు కట్టెను. ఉద్యోగుల సంఘముతోనున్న ఒడంబడిక గడువు తీరకుండ గుత్త నిచ్చుట చెల్లదు. తొంబది దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. గుత్తేదారు కనీసము మూడు సంవత్సరముల ఖర్చు అంచనాను, బోర్డు ఉద్యోగులకున్న వానితో పోల్చదగిన సౌకర్యములను చూపవలెను. బహిరంగసభ జరిపి ప్రజల మాట వినవలెను. పని పోయిన యోగ్యులకు గుత్తేదారు తన ఖాళీలను చూపవలెను. ఇంగ్లండులో అడుగరాదన్న ప్రశ్న ఇచ్చట అడిగి తీరవలసినదయ్యెను. గుత్త మంచిదా చెడ్డదా యను తగవును ఈ శాసనము తీర్చలేదు. నిర్ణయము చీకటిలో జరుగకుండ మాత్రము చేసెను. అదియు తక్కువ పని కాదు.

భారతదేశమున 1970 నాటి గుత్త కార్మిక శాసనము క్రింద 1971లో చేసిన కేంద్ర నియమావళిలోని 25వ నియమము ఈ విషయమున న్యాయవేతన తీర్మానముకంటె స్పష్టమైనది. గుత్తేదారు పనివాడు ప్రధాన యజమాని పనివాడు చేయు పనినే, లేదా దానిని బోలిన పనిని చేయుచున్నచో, వేతనము, సెలవులు, పనిగంటలు సమానముగ నుండవలెనని అందు ఉండెను. అయితే ఇరువదిమందికి తక్కువ పనివారున్నచోట శాసనమే వర్తింపకుండెను. ఇద్దరు ముగ్గురితో నడచు బడి వంటయిల్లు, బడి పారిశుద్ధ్యము ఆ గీతకు ఇవతలనే నిలిచిపోవును. 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన క్రొత్త స్మృతి ఆ గీతను ఏబదికి పెంచినది.

తెలుగు సీమలలో బడి భోజనము 2001 నవంబరు 28 నాటి సుప్రీముకోర్టు ఉత్తర్వు తరువాత, 2003 నుండి, పెక్కుచోట్ల గ్రామస్త్రీల సంఘముల చేతులమీదుగ సాగెను. వంటచేయువారికి ఇచ్చుదానికి వేతనమని పేరు పెట్టలేదు, గౌరవవేతనమనిరి. 2009 డిసెంబరు నుండి కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది నెలకు 1,000 రూపాయలు, సంవత్సరమునకు పదినెలలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో దానిని 3,000 రూపాయలకు పెంచెను. ఉత్తరప్రదేశమున ఒక పాఠశాల వంటమనిషి వేసిన వ్యాజ్యమున 2020 డిసెంబరులో అలహాబాదు ఉన్నత న్యాయస్థానము, నెలకు వేయి రూపాయలిచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టిచాకిరియే యని తీర్పు చెప్పెను.